సబ్సిడీ వచ్చేదాకా

మా డాబా మీద సోలార్ పలకలు కడిగినప్పుడల్లా, ఎండకు కాగిన అద్దం మీద నీళ్ళు పడి చుయ్‌మంటాయి. తడిసిన దుమ్ము వాసన లేస్తుంది. ఆ వాసనకు నాకు దేవదానం గారు గుర్తొస్తారు. లైన్‌మన్‌గా రిటైరై పాలకొల్లులో చిన్న సోలార్ కొట్టు పెట్టారు. డిగ్రీ అవగానే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

ఆయనకు అమ్మడం రాదనుకునేదాన్ని. ఒక రైతు వచ్చి, పక్కింటాయన పెట్టించాడు కాబట్టి తనకూ ఐదు కిలోవాట్లు కావాలన్నాడు. దేవదానం గారు అతని కరెంటు బిల్లు చూసి, "మీ వాడకానికి రెండు చాలండి. సబ్సిడీ కూడా మొదటి రెండింటికే ఎక్కువ. మూడో దానికి తగ్గుద్ది, ఆపైన అసలు లేదు. మిగతాదంతా మీ సొంత డబ్బేనండి" అన్నారు. పెద్ద బేరం చిన్నదైపోయిందని నేను రోజంతా ముఖం ముడుచుకుని కూర్చున్నాను.

అందుకే మంగతాయారు గారు వచ్చినప్పుడు నేనే ముందుపడ్డాను. ఆవిడ అంగన్‌వాడీ టీచరు, భర్త లేరు. మామగారికి ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ రోజంతా నడవాలి. కరెంటు బిల్లు చూస్తేనే ఆవిడకు గుండె దడ. "బిగించిన వారంలో సబ్సిడీ మీ ఖాతాలో పడిపోద్దండి" అని ధీమాగా చెప్పాను. ఆ ధైర్యంతోనే ఆవిడ కొంత అప్పు తెచ్చి మాకు కట్టారు. మిగతాది సబ్సిడీ రాగానే ఇస్తామన్నారు.

సబ్సిడీ రాలేదు. మీటరు చనిపోయిన భర్త పేరున ఉంది, బ్యాంకు ఖాతా ఆవిడ పేరున ఉంది. రెండూ ఒకే పేరున లేకపోతే సబ్సిడీ పడదు. నేను చూసుకోలేదు.

"ఆవిడకు మీరు చెప్పండి సార్, నాకు భయంగా ఉంది" అన్నాను దేవదానం గారితో.

"మాటిచ్చింది నువ్వు కదమ్మా. నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటాను" అని స్కూటరు తీశారు.

నేను చెప్తుంటే మంగతాయారు గారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "అదొస్తదనే కదమ్మా నేను అప్పు చేసింది" అన్నారు మెల్లగా. లోపల మెషిన్ చప్పుడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"పొరపాటు మాదండి" అన్నారు దేవదానం గారు. "సబ్సిడీ వచ్చేదాకా మిగతా డబ్బు అడగం. మీటరు మీద పేరు మార్పించే పని కూడా మాదే."

పలకలు పంపిన కంపెనీకి ఆయన తను దాచుకున్న డబ్బులోంచి కట్టారని తర్వాత తెలిసింది. నా జీతంలో రూపాయి కోయలేదు. మరణ ధ్రువపత్రం పట్టుకుని మేమిద్దరం ఆఫీసుల చుట్టూ తిరిగాం. తెలిసినవాళ్ళున్నా ఆయన వరుసలోనే నిలబడేవారు. ఆ వరుసల్లోనే నాకు ఒక్కో దరఖాస్తు ఎక్కడ, ఎందుకు ఆగుతుందో విడమర్చి చెప్పారు. నేను నేర్చుకున్న పనంతా అక్కడిదే.

నాలుగో నెలలో డబ్బు పడింది. మంగతాయారు గారు బాకీ తీర్చి, స్టీలు డబ్బా నిండా అరిసెలు పెట్టారు. ఆయన ఒకటి కొరికి, "వడ్డీ బాగానే గిట్టింది" అని నవ్వారు.

కిందటేడు ఆయన పోయారు. ఇప్పుడు రాజమండ్రిలో నాకూ ఒక కొట్టుంది. వచ్చినవాళ్ళకు ముందు పూర్తి ఖర్చు చెప్తాను. సబ్సిడీ ఆలస్యమైతే నెట్టుకురాగలరా అని అడుగుతాను. కొందరు లేచి, తీయగా మాట్లాడే కొట్టుకు వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తాను. నా దగ్గర ఆగినవాళ్ళ గుమ్మంలోకి ఎప్పుడైనా తలెత్తుకుని వెళ్ళగలను.