లాభం, రెండు, మూడు...

నలుగురు మనుషులు ఒకచోట కనిపిస్తే చాలు, బుచ్చిబాబు లెక్కపెట్టేస్తాడు. నలుగురే కదా, చూస్తే తెలియడం లేదా అని ఎవరైనా అడిగితే, "చూస్తే నలుగురిలాగే ఉన్నారండి. లెక్కపెట్టకుండా నలుగురని ఎలా చెప్పేది?" అంటాడు.

ఆ లెక్క కూడా ఒకటితో మొదలవదు. వాళ్ల నాన్న తణుకు దగ్గర రైసుమిల్లులో ధాన్యం కొలిచేవాడు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. బుచ్చిబాబు ఐర్లండు వచ్చి, బాలింకాలిగ్ దగ్గర గుండెకు వేసే స్టెంట్ల ఫ్యాక్టరీలో చేరినా మనుషుల్ని మాత్రం ధాన్యంలాగే కొలిచేవాడు. బస్సెక్కితే డ్రైవరు లాభం. ఉగాదికి అద్దెకు తీసుకున్న హాల్లో అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేవాడు లాభం.

"మా పెళ్లిలోనే తెలిసిపోయింది నాకు," అనేది ఆయన భార్య సీతాలక్ష్మి. "ఏడడుగులూ అయ్యాక పంతులుగారిని ఆపి, 'ఎనిమిది వేయించారండి, ఒకటి వెనక్కి వెయ్యమంటారా?' అన్నాడు. వేశాడు కూడా. నేను ఎనిమిదో అడుగులో, ఆయన ఏడో అడుగులో. ఇప్పటికీ అలాగే నడుస్తున్నాం."

కనకలత వాళ్లది పక్క వీధే. ఆమె భర్త కళాధర్, బుచ్చిబాబు ఒకే ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టు. కళాధర్‌కి ఫుట్‌బాల్ పిచ్చి, బుచ్చిబాబుకి లెక్క పిచ్చి. రెండు పిచ్చులకూ సరిపోయే చోటు పౌడర్‌మిల్ రోవర్స్ మైదానం. ఆటగాళ్లకు జీతాలిచ్చే క్లబ్బే. మాంద్యం వచ్చాక ఫ్లడ్‌లైట్ల కరెంటు ఖర్చుకి భయపడి మ్యాచులన్నీ ఆదివారం మధ్యాహ్నానికి మార్చేశారు. ఊళ్లో జరిగే మ్యాచు ఒక్కటీ వాళ్లిద్దరూ వదిలేవారు కాదు. కళాధర్ నాలుగో వరసలో స్తంభం పక్కన కూర్చునేవాడు. బుచ్చిబాబు గేటు దగ్గర నిలబడి, పదిమంది లోపలికి వెళ్లగానే ఎడమ జేబులోంచి ఒక చింతపిక్క తీసి కుడి జేబులో వేసుకునేవాడు. గేటు మూశాక వచ్చి పక్కన కూర్చుని మళ్లీ తలలు లెక్కపెట్టేవాడు.

"గోల్ పడిందయ్యా బాబూ, ఇటు చూడు!" అని కళాధర్ భుజం పట్టి కుదిపేవాడు.

"ఎవరేశారు?"

"మనవాళ్లే!"

"అయితే లేచి నిలబడ్డవాళ్లంతా మనవాళ్లన్నమాట. కాసేపు అలాగే నిలబడమను, లెక్క తేలిక."

ఒకసారి కుడి జేబుకి చిల్లు పడింది. మ్యాచ్ అయ్యాక చూసుకుంటే నాలుగు పిక్కలు తక్కువ. వానలో, బురదలో, బల్లల కింద గంటసేపు పాకాడు. ఏం పోయిందని కాపలావాడు అడిగితే, "నలభైమంది" అన్నాడు. కాపలావాడు గార్డాలకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చెయ్యబోయాడు. కళాధర్ పరుగెత్తుకెళ్లి ఆపాడు.

ఆయన లెక్కకి చట్టాలున్నాయి. చంకలో బిడ్డ ఉంటే తల్లితో కలిపి ఇద్దరు. గోడెక్కి ఊరికే చూసేవాళ్లు లెక్కలోకి రారు. హాఫ్ టైముకే తిట్టుకుంటూ వెళ్లిపోయినవాడు వస్తాడు, ఎందుకంటే వచ్చాడు కాబట్టే తిట్టుకున్నాడు. అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టినవాడు లాభం. ఈ మాట గేటు దగ్గర పాకిపోయి, పసుపు టోపీ పెట్టుకునే మోసీ అనే ముసలాయన ఒంటిగంటకు తెరిచే గేటు ముందు పన్నెండింటికే నిలబడేవాడు. "లాబమ్, దట్స్ మీ," అని బుచ్చిబాబుకి చెయ్యిచ్చి మరీ వెళ్లేవాడు.

మైకులో చెప్పే డినీన్‌కి మాత్రం బుచ్చిబాబంటే ఒళ్లు మంట. "ఈరోజు హాజరు ఆరు వందల పన్నెండు!" అని అతను ఇంగ్లీషులో గంభీరంగా ప్రకటించడం, నాలుగో వరసలోంచి బుచ్చిబాబు లేచి "నాలుగు వందల ఏడు!" అని అరవడం ప్రతి మ్యాచులోనూ ఉండేదే. రోవర్స్ ఓడిపోయిన రోజున జనానికి ఆ మాత్రం వినోదమే మిగిలేది.

లెక్కలన్నీ ఒక నల్లట్ట పుస్తకంలో ఉండేవి. అది చూస్తే చాలు, మాంద్యం ఎప్పుడొచ్చిందో తెలియడానికి పేపరు చదవక్కర్లేదు. రెండు వేల ఆరులో మ్యాచుకి ఎనిమిది వందలు. ఇళ్లు కట్టడం ఆగిపోయిన ఏడు ఐదు వందల చిల్లర. తాపీపనివాళ్లు ఆస్ట్రేలియా వెళ్లారు, నాలుగు వందల యాభై. పదకొండు నాటికి నాలుగు వందలకు అటూ ఇటూ.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, సీజను మొదలవడానికి మూడు వారాల ముందు, కళాధర్ గుండె ఆగి పోయాడు. దహనవాటిక దగ్గర అందరూ కనకలతతో ఏవేవో అన్నారు. బుచ్చిబాబు వచ్చి తలొంచుకుని, "నూట పద్దెనిమిదిమంది వచ్చారు చెల్లెమ్మా," అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తర్వాత చూసుకుంటే ఆ రోజు విన్న మాటల్లో ఆమెకు గుర్తున్నది ఆ ఒక్కటే.

మార్చి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ఊళ్లో మ్యాచ్ జరిగిన మర్నాడు, సోమవారం, షిఫ్టు దిగి ఇంటికెళుతూ తలుపు కొట్టేవాడు.

"మామ్, నంబర్ అంకుల్ ఈజ్ హియర్," అని కూతురు రిషిత మెట్ల మీంచి కేకేసేది.

బుచ్చిబాబు లోపలికొచ్చి వంటింట్లో కుర్చీ అంచున కూర్చునేవాడు. "నిన్న మూడు వందల ఎనభై ఆరు, చెల్లెమ్మా."

"ఆహా," అనేది కనకలత.

పెట్టిన గారెలు తినేవాడు, తిన్నవి లెక్కపెట్టుకునేవాడు, వెళ్లిపోయేవాడు. కనకలత ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి, ఫుట్‌బాల్ అంటే గోలని మాత్రమే తెలుసు. ఈ అంకెలు నాకెందుకు చెప్తున్నాడీయన అనుకునేది. కానీ సోమవారం మధ్యాహ్నం ఆమె చేతులు వాటంతటవే మినప్పప్పు నానబోసేవి. రిషితను స్కూలుకు పంపడం, తలుపేసుకోవడం తప్ప ఆ ఏడాది ఆమె చేసిన పని అదొక్కటే. కొట్టుకి కూడా సీతాలక్ష్మే వెళ్లొచ్చేది.

అక్టోబరులో ఒక ఆదివారం మ్యాచ్ అయ్యాక డినీన్, క్లబ్బు సెక్రటరీ నోరీన్ కలిసి ఆమె ఇంటికొచ్చారు. రిషిత మధ్యలో కూర్చుని వాళ్ల మాటలు తల్లికి సగం తెలుగులో చెప్పింది. మైదానం ఒక ట్రస్టుది. సీజను మొత్తం మీద మ్యాచుకి సగటున నాలుగు వందలమంది వస్తేనే లీజు మళ్లీ ఇస్తారట. లేకపోతే మైదానం మూసేస్తారు, టీము వేరే ఊరు పోవాలి. పదహారు మ్యాచుల్లో పదిహేను అయిపోయాయి. వచ్చే ఆదివారం జరిగే ఆఖరిదానికి నాలుగు వందల యాభై తొమ్మిదిమంది రావాలి.

"ఇంత పెద్ద అంకెలు చెప్పే ఆయన ఉన్నాడుగా?" అంది కనకలత డినీన్ వైపు చూసి.

రిషిత ఇంగ్లీషులోకి మార్చింది. డినీన్ ఎర్రబడ్డాడు. ట్రస్టువాళ్లు అతని అంకెలు నమ్మరు. ఊరంతటిలో వాళ్లు నమ్మేది ఒక్క బుచ్చిబాబు పుస్తకాన్నే.

"యాభైమందిని కలిపి రాయమని మీరే ఆయనకు చెప్పాలి. మీ మాట వింటాడు," అంది నోరీన్.

వాళ్లు వెళ్లాక కనకలతకు ఫుట్‌బాల్ గుర్తురాలేదు, కళాధర్ ఎప్పుడూ చెప్పే నాలుగో వరస, స్తంభం పక్క బల్ల గుర్తొచ్చాయి. ఒక్కసారి కూడా చూడలేదు తను. ఇప్పుడు మూసేస్తారట.

సోమవారం గారెలు రెండు వాయిలు ఎక్కువ వేసింది.

"అన్నయ్యగారూ, ఒక యాభై ఎక్కువేస్తే ఏం పోయింది? మైదానం నిలబడుతుంది కదా!"

బుచ్చిబాబు చేతిలో గారె ఆగిపోయింది. "అదేం మాట చెల్లెమ్మా! రానివాడిని వచ్చాడని ఎలా రాసేది?"

"పోనీ వెళ్లి నలుగురిని పిలవండి."

"ఆయ్, కొలిచేవాడు కుంచంలో చెయ్యి పెడితే ఇంక అది కొలతేంటి? మా నాన్న తంతాడు. పోయినా వచ్చి తంతాడు."

"మీ లెక్క మీకు ముఖ్యం. ఆయన కూర్చున్న చోటు పోయినా మీకు ఫర్వాలేదు!"

బుచ్చిబాబు లేచి వెళ్లిపోయాడు. ప్లేట్లో నాలుగు గారెలు మిగిలాయి. ఆయన జన్మలో ఎప్పుడూ జరగని సంగతి అది. బల్ల మీద నల్లట్ట పుస్తకం కూడా మిగిలిపోయింది. అది ఇంకా విచిత్రం.

కనకలత తెరిచింది. ఎడమ పేజీల్లో పెన్సిలుతో అంకెలు. మూడుని ఎనిమిది చెయ్యడం ఎంతసేపు? కూతురి పెన్సిలు తీసుకుని మార్చి నెల లెక్కలో మూడుని ఎనిమిదిగా చుట్టబోయింది కూడా. అప్పుడు కుడి పేజీ కనిపించింది. అంకెలు కాదు, తెలుగు. క్లబ్బులో ఎవరికీ చదవడం రాని తెలుగు.

"పసుపు టోపీ మోసీ రాలేదు. మోకాలు. మంగళవారం వెళ్లాలి. వెళ్లాను. లాభం మీరు కాకపోతే లెక్క కుదరడం లేదని చెప్పాను. నవ్వాడు."

"ముగ్గురు పిల్లలాయన, ఆకుపచ్చ కోటు. రాలేదు. పని పోయిందట. తలుపు తీయలేదు. లెక్క కాగితం మీద రాసి లోపలికి తోశాను."

"కవలల తల్లి. పెద్దవాడు కెనడా వెళ్లాడని బయటికి రావడం లేదు. లెక్క చెప్పాను. టీ ఇచ్చింది. పంచదార ఎక్కువ."

ప్రతి మ్యాచుకి ఒక పేజీ. రానివాళ్ల గుర్తులు, వాళ్ల ఇళ్ల నంబర్లు. మార్చి నుంచి ప్రతి పేజీలో అన్నిటికంటే పైన ఒకటే వాక్యం: "కళాధర్ చోటు ఖాళీ. ఎవరినీ కూర్చోనివ్వలేదు. చెల్లెమ్మకి చెప్పాలి."

కనకలత పెన్సిలు పక్కన పెట్టింది. మిగిలిన నాలుగు గారెలూ తనే తిని లేచింది.

"రిషీ, ఆ నోరీన్‌కి ఫోన్ చెయ్యి. కారు తెమ్మను."

"వై? వేర్ ఆర్ యు గోయింగ్?"

"ఊళ్లోకి."

రిషిత మెట్ల మీంచి దిగొచ్చి తల్లి నుదురు పట్టుకుని చూసింది.

మర్నాటి నుంచి నాలుగు రోజులు తిరిగారు. కుడి పేజీల్లో మొత్తం అరవై ఒక్క ఇళ్లు. నోరీన్ కారు నడిపింది, కనకలత ఇంటి నంబర్లు చదివింది, రిషిత బళ్లో లేనప్పుడు వెంటొచ్చింది. తలుపు తెరుచుకుంటే కనకలతకు వచ్చిన ఇంగ్లీషు మూడు ముక్కలే: "సండే. మ్యాచ్. బుచ్చిబాబు."

ఆకుపచ్చ కోటాయన ఈసారి తలుపు తీశాడు. గుమ్మం పక్కన మేకుకి ఎనిమిది కాగితాలు గుచ్చి ఉన్నాయి. వాటి మీద అంకెలు తప్ప ఏమీ లేవు. ఆయన అన్నది రిషిత తల్లికి చెప్పింది: "నాకొక్కడికే చెప్తున్నాడనుకున్నాను."

దాదాపు ప్రతి గుమ్మంలోనూ ఆ మాటే. కనకలత తల ఊపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనూ అంతేనన్నట్టు, "మీ ఆల్సో," అనేది. నాలుగో ముక్క అలా వచ్చింది.

పుస్తకాన్ని శుక్రవారమే సీతాలక్ష్మి చేతికిచ్చేసింది. "ఇన్నాళ్లూ ఎక్కడుందని అడిగాడా, వదినా?"

"అడక్కపోవడమేంటి? నాలుగు రోజులుగా నిద్రలేదు. మంచం మీద కూడా లెక్కే, 'ఇద్దరం' అని."

ఆదివారం పదకొండున్నరకే కనకలత కళాధర్ స్కార్ఫు మెడకి చుట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. సన్నగా వాన. అప్పటికే పసుపు టోపీ మోసీ కర్రతో నిలబడి ఉన్నాడు. ఆమెను చూశాడు, స్కార్ఫు చూశాడు. టోపీ తీసి ఒకడుగు వెనక్కి వేసి, తన ముందు చోటు చూపించాడు.

ఒంటిగంటకు గేటు తెరుచుకుంది. బుచ్చిబాబు తలెత్తకుండా జేబు సర్దుకుంటున్నాడు. చీర కుచ్చిళ్లు కనిపించాయి. తలెత్తాడు. వెనక వరస కదలడం లేదు.

"లెక్కపెట్టండి అన్నయ్యగారూ, వాన పడుతోంది."

"లాభం," అన్నాడు బుచ్చిబాబు.

తర్వాత వచ్చినవాళ్లని చూసి ఆయనకు అనుమానమొచ్చింది. ఆకుపచ్చ కోటు, వెనకాలే ముగ్గురు పిల్లలు. కవలల తల్లి, కవలలు, వాళ్ల అత్తగారు. రెండింటికల్లా చింతపిక్కలు అయిపోయాయి, కోటు గుండీలు పీకి వేసుకున్నాడు. మ్యాచు మొదలయ్యాక నాలుగో వరసకొచ్చి, స్తంభం పక్కన కూర్చున్న కనకలతను అడిగాడు, "నిజం చెప్పు. ఎవరైనా పిలిచారా వీళ్లని?"

"నేను పిలిచాను. కొలిచేది నేను కాదుగా!"

బుచ్చిబాబు వాళ్ల నాన్న చట్టాలన్నీ మనసులో తిరగేశాడు. దీనికి అడ్డు ఎక్కడా దొరకలేదు.

హాఫ్ టైములో ఆయన స్వయంగా వెళ్లి డినీన్ చేతిలో కాగితం పెట్టాడు. మైకు గరగరలాడింది. డినీన్ గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు హాజరు... తొమ్మిది వందల..." అని అలవాటు చొప్పున మొదలెట్టి నాలిక కరుచుకున్నాడు.

"ఐదు వందల ముప్పై నాలుగు!" అని లేచి అరిచాడు బుచ్చిబాబు. ఆయనతోపాటు మైదానమంతా అరిచింది. రోవర్స్ మూడు గోల్స్ తేడాతో ఓడిపోయిందని చాలామందికి మర్నాడు పేపర్లో తెలిసింది.

సోమవారం తలుపు చప్పుడైంది.

"మామ్, నంబర్ అంకుల్!"

బుచ్చిబాబు కుర్చీ అంచున కూర్చున్నాడు. "నిన్న ఐదు వందల ముప్పై నాలుగు, చెల్లెమ్మా."

"నేనూ అక్కడే ఉన్నాగా అన్నయ్యగారూ. ఇంకా చెప్పడమెందుకు?"

బుచ్చిబాబు ఇబ్బందిగా కదిలి, చెయ్యి కడుక్కొస్తానని లేచాడు. నల్లట్ట పుస్తకం బల్ల మీదే ఉంది. కనకలత కుడి పేజీ తిప్పింది.

"కళాధర్ చోటులో చెల్లెమ్మ కూర్చుంది. ఇంక వెళ్లి చెప్పాల్సిన పని లేదు. అయినా వెళ్లాలి. పోయిన సోమవారం నాలుగు గారెలు వదిలేసి వచ్చాను."

కనకలత పుస్తకం మూసి, ఇంకో నాలుగు ప్లేట్లో వేసింది.