వెనక వచ్చే మనిషి

పక్కింట్లో ఎండు రొయ్యలు వేయిస్తున్నారు. తిరుపతిలో మా వీధికి ఆ వాసన అరుదు. వచ్చిందంటే చాలు, నేను పులికాట్ సరస్సు ఒడ్డున, వలలు ఆరేసిన ఇసుకలో, మా నాలుగు సైకిళ్ల దగ్గర ఉంటాను. ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది: కార్తీక మాసం, శనివారం సాయంత్రం. హాజరు: మునిరత్నం అన్న, సత్యవేడు గోవిందరెడ్డి, గూడూరు నిమ్మకాయల వ్యాపారి శేఖర్, నేను.

మునిరత్నం అన్న నగరిలో మరమగ్గాలు నడిపినవాడు. సైకిల్ యాత్రల రుచి మాకు చూపించింది ఆయనే. ఆయనకొక పద్ధతి ఉండేది. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడు ముందుండాలి. అతన్ని ఎవరూ దాటకూడదు. అందరికన్నా గట్టివాడు చివర రావాలి. ఎవరి చక్రం పంక్చరైనా, ఎవరికి కళ్లు తిరిగినా అతనే చూసుకోవాలి. ఆ చివరి చోటూ, గాలి పంపూ, పంక్చరు సామాను సంచీ ఎప్పుడూ ఆయనవే. ఉద్యోగ విరమణ తర్వాత కొత్తగా చేరిన నేను ముందు నిలబడటానికి సిగ్గుపడితే, "ముందు పో సార్. నువ్వు యాడ నిలిస్తే ఆడనే మాకు టీ అంగడి" అని నవ్వాడు. ఆఫీసులో ఎప్పుడూ చురుకైనవాళ్లనే మెచ్చుకున్న నేను, వెనకబడిన మనిషిని బట్టి నడక కుదుర్చుకోవడం అరవై దాటాక ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఆ ఏడాది ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. మెల్లగా తొక్కవచ్చని డాక్టరు అన్నాడట. అయినా అలవాటు ప్రకారం చివరే బయలుదేరాడు. పులికాట్ వచ్చే దారిలో వరదయ్యపాళెం దాటినప్పటి నుంచి మాకు కనబడకుండా వెనకబడుతూనే ఉన్నాడు. మేము ఆగి ఎదురుచూడటం, ఆయన చెమటతో వచ్చి "గాలి ఎదురుగా ఉండాదప్పా" అనడం. ఆ గాలి మా అందరికీ ఒకటే.

సాయంత్రం ఆయన నీటి అంచున కూర్చుని పక్షులను చూస్తుంటే, మేము ముగ్గురం పడవ చాటున చేరాం.

"రేపు ఆయన్ని ముందు పెట్టాల. ఎనక పడిపోతే సూసేదెవురు?" అన్నాడు శేఖర్.

"నువ్వే సెప్పబ్బా. నీకు నోరు పెద్దది గదా" అన్నాడు రెడ్డి.

"నిమ్మకాయల బేరానికి నోరుండాది గానీ, దీనికి లేదబ్బా."

ఇద్దరూ నా వైపు చూశారు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"అన్నా, రేపు మీరు ముందుండాల."

ఆయన పక్షుల మీద నుంచి చూపు తిప్పాడు. "ఎవురు తీర్మానం చేసినారు?"

"ముగ్గురం."

"నా పద్ధతి నాకే సెప్తావా సార్?" అని లేచి వెళ్లిపోయాడు. రాత్రి భోజనం దగ్గర మాకు దూరంగా కూర్చున్నాడు. చేపల పులుసు బాగుందని రెడ్డి రెండుసార్లు అన్నా ఎవరూ అందుకోలేదు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోతాడనీ, ఇక సైకిల్ ముట్టడనీ నాకు భయం వేసింది.

మునిరత్నం అన్న ఇప్పుడు లేడు. నేను మాత్రం ఎవరితో నడిచినా, వెనకవాడి అడుగు వినబడేదాకా నా అడుగు తగ్గించుకుంటాను. మనవరాలు విసుక్కుంటుంది.

పులికాట్‌లో ఆ రాత్రి గడిచి, తెల్లారి మేము లేచేసరికి, గాలి పంపూ పంక్చరు సామాను సంచీ రెడ్డి సైకిలుకు కట్టి ఉన్నాయి. అన్న తన సైకిల్‌తో రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, ఎక్కి తొక్కాడు. వెనక నేను. ఇన్నేళ్లూ ఆయన మా వీపులు చూస్తూ వచ్చాడు. ఆయన వీపు మేము చూడటం అదే మొదలు. చొక్కా కింద భుజాల ఎముకలు కదులుతున్నాయి. రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతూ సగంలో ఆయన దిగి, సైకిల్ నెట్టసాగాడు. మేమూ దిగాం.

ఆయన తిరిగి చూశాడు. "మీకేమొచ్చిందప్పా? తొక్కండి!"

"నిన్ను దాటేదానికి మాకు పర్మిషన్ లేదన్నా" అన్నాడు శేఖర్.

ఆయన గబుక్కున ముఖం తిప్పుకున్నాడు. నలుగురం ఒకరి వెనక ఒకరం, సైకిళ్లు నెట్టుకుంటూ వంతెన ఎక్కాం.