మస్కట్ నుంచి బాపట్లకి రెండు రోజులు

ఎనిమిదేళ్ళుగా ఇది నా గొంతుకి అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను మస్కట్‌లో నర్సుని. పుట్టింది రేపల్లెలో. అమ్మ పోయాక బాపట్లలో అక్కా బావా నన్ను పెంచారు. ట్రంకుపెట్టె మోసుకుంటూ నన్ను రైల్లో తెనాలి తీసుకెళ్ళి నర్సింగ్‌లో చేర్పించింది బావే. నెలకోసారి వచ్చి, హాస్టలు గేటు దగ్గర పచ్చడి సీసా నా చేతిలో పెట్టి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు.

నేను మస్కట్ వెళ్ళి ఇంకా మొదటి సెలవుకైనా ఇంటికి రాకముందే, ఆ బావ ఒక పొద్దున గుండెనొప్పితో పోయాడు. మా సంఘంలో ఎవరైనా పోతే పాస్టరుగారు మొదట అడిగేది, ఇంకా ఎవరు రావాలమ్మా అని. రావాల్సినవాళ్ళు వచ్చేదాకా పెట్టె మూయరు. అక్క నాకు ఫోను చేసింది.

"ఎంతసేపట్లో రాగలవే? రేపు సాయంత్రం దాకా ఆగుతామన్నారు."

"రెండు రోజులు పడుతుందక్కా. రెండు విమానాలు మారాలి. నాకోసం ఆగొద్దు."

"అంత దూరమా?"

"అంత దూరమేనక్కా."

"సరేలే, ఏడవకు. ఒక్కదానివే ఉన్నావక్కడ."

నేను ఏడవడం లేదు.

మస్కట్ నుంచి హైదరాబాదుకి సుమారు రెండువేల రెండొందల కిలోమీటర్లు. విమానంలో మూడున్నర గంటలు. అక్కణ్ణుంచి తెనాలి మీదుగా బాపట్లకి రైల్లో ఆరేడు గంటలు. సముద్రం దాటడం కంటే మన రైలుకే ఎక్కువసేపు.

మరి ఎందుకలా చెప్పాను? మర్నాడు వార్డు ఇన్‌ఛార్జి పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. అంతే. ఇంకేదైనా పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ నాలో నేను వెతుక్కున్నాను, బావ ముఖం అలా చూడలేక అనుకుందామా, భయపడ్డాను అనుకుందామా అని. లేదు. పోస్టు నాకే వచ్చింది. స్వీట్లు కూడా పంచాను.

ఒక్క అబద్ధానికి ఎంత చాకిరీ! ఇప్పటికీ సెలవుకి వచ్చినప్పుడల్లా హైదరాబాదులో లాడ్జిలో ఒక రోజంతా పడుకుని, ఆ తర్వాతే బాపట్ల రైలెక్కుతాను. అక్క నా ముఖం చూసి, "రెండు రోజులుగా నిద్ర లేదు పాపం" అని వేణ్ణీళ్ళు పెడుతుంది. ఎంత దూరమో ఫోనులో చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అక్క చూడదు. నేను చెప్పాక ఇంక చూడ్డమెందుకు ఆవిడకి?

పోయిన నెల అక్కకి ఆపరేషనయింది. నాకు చెప్పలేదు. ఇంటికొచ్చాక ఫోను చేసి, "రెండు రోజుల దూరం కదే, నువ్వొచ్చేలోపు లేచి కూర్చుంటాలే అనుకున్నా" అంది. మత్తు ఇచ్చేటప్పుడు పక్కన ఎవరూ లేరట. నేను నర్సుని. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. అన్నం తిన్నావా అని అడిగాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తే కాస్త ఊపిరాడుతుంది. కంగారులో నోరుజారానని మీరనుకుంటారేమో. అక్క ఫోను చేసేసరికే రేపల్లెలో చుట్టాల నుంచి నాకు కబురొచ్చింది. ఆ సాయంత్రం హైదరాబాదు విమానంలో సీట్లున్నాయేమో ఫోనులో చూశాను. ఉన్నాయి. చూసి, ఆ పేజీ మూసేసి, అప్పుడు అక్క ఫోను ఎత్తాను.