గొంతు మేస్త్రి అతుకు

ఆ వీధిలో అందరూ అతన్ని గొంతు మేస్త్రి అనేవారు. అసలు పేరు కొట్టు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా లేదు. మూగగా వచ్చిన మోటారుసైకిలుకి గొంతు పెట్టి పంపిస్తాడని ఆ పేరు పెట్టారు. బళ్ల సంగతి అలా ఉంచితే, ముందు గొంతు అతనికే ఎక్కువ. పొద్దున్నే షట్టరెత్తి తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టాడంటే, మలుపులో పంక్చర్లు వేసేవాడు గడియారం చూసుకోకుండానే టైమెంతో చెప్పేసేవాడు.

పనిమంతుడు కాడని మాత్రం ఎవరూ అనలేరు. సైలెన్సర్ విప్పి, బండి కింద పడుకుని చూస్తే తప్ప కనపడని చోట కోసేవాడు. లోపల పొగను అడ్డుకునే రేకుల్ని పీకేసి, చిల్లుల గొట్టం పెట్టి, దాని చుట్టూ గాజుదూది చుట్టి, మళ్లీ మూసి వెల్డింగ్ చేసేవాడు. రేకులు పీకేసి చేతులు దులుపుకుంటే ఇంజను వేడెక్కి పాడవుతుందని అతనికి తెలుసు. అందుకని కార్బురేటర్లో జెట్ మార్చి పెట్రోలు సరిపడా అందేట్టు చూసేవాడు. బండి ఎక్కినవాడికి లాగుడు తెలిసేది, పక్కన నిలబడ్డవాడికి గుండెల్లో దడ తెలిసేది. చివరికి అతుకుని గ్రైండరుతో అరగదీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, నల్లరంగు కొట్టేవాడు. ఎవరు చూసినా అది కంపెనీ సైలెన్సరే. చప్పుడు విన్నవాళ్లకి అనుమానం వచ్చినా, ఎక్కడ కోశాడో వేలు పెట్టి చూపించినవాడు ఇంతవరకూ లేడు.

తమ్ముడు అతనికన్నా పదేళ్లు చిన్న. ఇరవై రెండేళ్లుగా అదే కొట్టులో పని. తుప్పు గీకడం, గాజుదూది చుట్టడం వాడి వంతు. వెల్డింగ్ హోల్డర్ ముట్టుకుంటే అన్న ఊరుకునేవాడు కాదు. గాజుదూది నూగు చర్మంలో దిగి వాడు మోచేతులు గోక్కుంటుంటే, "గజ్జికుక్కని పెంచుతున్నానండీ, మొరగదు గానీ గోక్కుంటుంది" అని అన్న వచ్చినవాళ్లందరినీ నవ్వించేవాడు. తమ్ముడు కూడా నవ్వేవాడు. అలా నవ్వకపోతే ఆ రోజంతా ఇంకా ఘోరంగా ఉంటుందని వాడికి ఎప్పుడో తెలిసిపోయింది.

"ఎంతైనా తోడబుట్టినవాడండీ. పదిమందిలో అలా అంటే ఎలా?" అని మేస్త్రి భార్య ఒకసారి అంది.

"వాడి చేతికి హోల్డరిస్తే అతుకెలా ఉంటుందో తెలుసా? కోడి గీకినట్టుంటుంది. నువ్వు వంటింటి సంగతి చూసుకో" అన్నాడు.

ఒకరోజు ఉదయం పదింటికి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనకే ఒక వ్యాను, దాని వెనక రోడ్డు రోలరు. వ్యానులోంచి నలభై సైలెన్సర్లు దింపి, కొట్టు ముందు రోడ్డు మీద వరసగా పరిచారు. వీధి వీధంతా పనులాపి చుట్టూ చేరింది.

"చప్పుడు ఎక్కువైందని పట్టుకున్న బళ్లవివి. ఇవన్నీ మీ కొట్టులో చేయించుకున్నామని బళ్లవాళ్లే చెప్పారు. యజమాని చేసుంటే కొట్టుకి సీలు, లైసెన్సు రద్దు. యజమానికి తెలీకుండా పనివాడు చేసుంటే కేసు వాడి మీద, కొట్టు జోలికి రాను. ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేస్త్రి కొట్టు వైపు చూశాడు. రెండిళ్లకీ ఆధారం ఆ కొట్టొక్కటే. తమ్ముడు చేతులు గుడ్డకి తుడుచుకుని ముందుకొచ్చాడు.

"నేనే సార్. అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు చేసేవాణ్ణి. ఆయనకేం తెలీదు."

మేస్త్రి ప్రాణం కుదుటపడింది. వెధవకి ఇన్నాళ్లకి బుద్ధి పనిచేసింది అనుకున్నాడు. "ఎంత పని చేశావురా!" అని నెత్తి కొట్టుకుని మరీ నటించాడు. వ్యవహారం అక్కడితో తెగిపోయేదే.

కానీ ఇన్‌స్పెక్టర్ ఒక సైలెన్సర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రంపం పెట్టి ఒకటి కోయిస్తే గానీ మాకు తెలీలేదయ్యా. అతుకనేదే కనపడదే! కేసు కేసే గానీ, ఇలాంటి పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

"ఇదంతా మన చిన్న మేస్త్రి పనా! ఇన్నాళ్లూ ఎంత గుట్టుగా ఉన్నాడో చూడండి" అన్నాడు టీకొట్టువాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తమ్ముణ్ణి మేస్త్రి అనడం ఆ వీధిలో అదే మొదలు. వాడు తలదించుకుని కొంచెం నవ్వాడు. అన్నకి భయపడి నవ్వే నవ్వు కాదది.

ఆ నవ్వు చూడగానే మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. కొట్టూ, లైసెన్సూ, ఇంట్లో ఉన్న భార్యా అన్నీ ఆ మంటలో పోయాయి.

"వీడా? వీడి మొహానికి ఇంత పనా? నావి సార్ ఇవన్నీ! నా చేతులతో చేశాను!"

"అన్నయ్యా, ఊరుకో" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "వదిన గురించైనా ఆలోచించు."

"నోర్ముయ్! నా పేరు కొట్టేద్దామనుకున్నావా?"

ఇన్‌స్పెక్టర్ తాపీగా చేతులు కట్టుకున్నాడు. "నీవే అయితే అతుకులు చూపించు."

మేస్త్రి వరస మొదట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. బొటనవేలి గోరుని సైలెన్సర్ మీద నడిపించి, "ఇదిగో, ఇక్కడ" అన్నాడు. కానిస్టేబుల్ సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాతది, ఆ తర్వాతది. జనం ఆహా అంటున్నకొద్దీ మేస్త్రి ఛాతీ పొంగింది. తన మెడకి తానే తాడు బిగించుకుంటున్నానన్న ధ్యాసే లేదు. అలా ముప్ఫై ఏడు అయ్యాయి.

చివరి మూడింటి దగ్గర ఆగి కళ్లు తెరిచాడు. "వీటిని బాగా చూడండి సార్. నా మొత్తం పనిలో ఇవే మేలు. ఇలాంటివి ఇంకొకడు చెయ్యాలంటే మళ్లీ పుట్టాలి."

"ఆ మూడూ నేను చేసినవి అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి తలెత్తాడు. తమ్ముడి గొంతులో కోపం లేదు, దెప్పడమూ లేదు.

"నీకు జ్వరమొచ్చి పదిరోజులు మంచం మీదున్నావు చూడు, అప్పుడు చేశా. నువ్వొచ్చి చప్పుడు విని, ఇవి నేనెప్పుడు చేశానురా అని అడిగావు. జ్వరానికి ముందని చెప్పా. నావంటే విప్పి అవతల పారేస్తావు కదా."

"మరి చూపించు మేస్త్రీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేస్త్రి కళ్లు మూసుకుని గోరు పెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరికి జారిపోయింది. తిప్పి మళ్లీ నడిపించాడు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. ఎక్కడా గోరు ఆగలేదు. తన అతుకులు పరాయివాళ్లకి దొరకవు గానీ తనకి దొరుకుతాయి. ఇవి తనకే దొరకలేదు. చెమట కళ్లలోకి దిగింది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "ఏం, నీవి కావా?"

"నావే సార్" అన్నాడు మేస్త్రి. తోచిన చోట గోరు నొక్కిపెట్టి, "ఇదిగో, ఇక్కడ" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, అక్కడేనా?"

తమ్ముడు అన్న గోటి వంక చాలాసేపు చూశాడు. కాదని ఒక్కమాట అంటే చాలు, ఇరవై రెండేళ్ల గజ్జికుక్క ఆ వీధికి మేస్త్రి అయిపోతాడు.

"అక్కడే సార్. అన్నీ అన్నయ్యవే. నేనే ఏదో తికమకపడ్డాను" అని పక్కకి తప్పుకున్నాడు.

అతుకే లేని చోట సుద్దముక్క గీత గీసింది. కొట్టుకి సీలు పడింది. రోలరు నలభై సైలెన్సర్ల మీదుగా పోయి, వెనక్కి తిరిగి మళ్లీ పోయింది. మేస్త్రి మాత్రం తమ్ముణ్ణే చూస్తున్నాడు. వాడు కాదని ఉంటే నలుగురిలో పరువు పోయేది, అంతే. ఔనన్నందుకు మాత్రం వాణ్ణి చచ్చేదాకా క్షమించలేననిపించింది.