నొప్పి కాలు ముందు

నర్సమ్మ గారు పోయారని మా కొండ మీద మొదట చెప్పింది నేనే. అందుకే ఎవరూ నమ్మలేదు. "ఇలాంటివాటి మీద కూడా పరాచికాలేంట్రా?" అని పక్కింటావిడ తిట్టింది. సరదాకి బతికున్నవాళ్ళని చంపిన చరిత్ర నాది మరి.

విజయవాడలో కొండవాలు మీద ఇళ్ళు మావి. రోడ్డు లేదు, మెట్లే. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన నర్సమ్మ గారు మా ఇంటికి నలభై మెట్లు పైన ఉండేవారు. మోకాళ్ళు అరిగి అమ్మ మంచం దిగడం మానేశాక, రోజూ పొద్దున్న ఏడింటికి వచ్చేవారు. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "నొక్కక్కా, పది లెక్కపెట్టు" అనేవారు. అమ్మ ఏడుస్తూ ఏడు దగ్గర ఆగేది. మళ్ళీ ఒకటి నుంచి.

"చంపుతున్నావే నర్సమ్మా!"

"మంచంలో పడుంటే నా సాయం లేకుండానే పోతావు. నిన్ను కింద రోడ్డు మీద నిలబెట్టేదాకా నేను చావను. లే."

తర్వాత గుమ్మం మెట్ల మీద పాఠం. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు."

ఆవిడ ఎడమ మోకాలు అమ్మ మోకాళ్ళకంటే అధ్వాన్నం, కర్ర లేకుండా నడవలేరు. నేను కర్ర పట్టుకుని వెనకే కుంటుతూ అందర్నీ నవ్వించేవాణ్ణి. ఓసారి వెనక్కి తిరిగారు.

"ఎడమ కాలు నొప్పైతే కర్ర కుడి చేతిలో ఉండాలిరా సన్నాసీ. వెక్కిరించడం కూడా రాదు నీకు."

ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు. ఆ కచ్చతో మర్నాడు ఆవిడ గుమ్మం దగ్గర కర్ర తీసి దాచేసి, మా అరుగు మీద కూర్చుని చూశాను. ఆవిడ కాసేపు వెతికారు. ఏడు కావస్తోంది. మెట్టు మీద కూర్చున్నారు. అలా కూర్చునే, చీర మట్టిలో ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టే దిగారు. నేను పడీపడీ నవ్వాను, ఇరవయ్యో మెట్టు దాకా.

లోపలికొచ్చి, "ఆలస్యమైందక్కా" అన్నారంతే. పది లెక్కపెట్టించారు. కర్ర తెచ్చి గోడకి ఆనించాను. క్షమించమని అడగలేదు. తర్వాత రెండేళ్ళు రోజూ వచ్చారు, అప్పుడూ అడగలేదు. ఇప్పుడడిగితే నమ్మేవాళ్ళెవరు?

అమ్మని రోడ్డు దాకా దించకుండానే పోయారు.

మొన్న ఆవిడ శవపెట్టె మోస్తూ మా ఇల్లు దాటాం. ముందు భుజం నాది. "ఆగండ్రా, నేనూ వస్తున్నా" అని వెనక నుంచి అమ్మ. బరువు మోస్తూనే నలుగురం ఆగాం. అమ్మ కర్ర ఆనించి, నొప్పి కాలు ముందు దించి, మెట్లు లెక్కపెడుతోంది.

"ఏడు" అని ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎనిమిది."