నెట్ సోకని కంప్యూటర్

ఆ రోజుల్లో తెలివంటే తప్పు కనబడగానే దిద్దడమేనని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడైతే తప్పు కనబడితే ముందు దానికో దండం పెట్టి, అది ఎవరి కడుపు నింపుతున్నదో కనుక్కుని, ఆ తర్వాత ఆలోచిస్తాను. ఈ జ్ఞానం నాకు పందొమ్మిదేళ్ల వయసులో, హుస్సేనీ ఆలంలోని ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో, ఒకే వారంలో కలిగింది.

మా ఇల్లు మాదన్నపేటలో. మా బాపు గుడి ఆఫీసులో పనిచేసేవాడు. డిగ్రీ చదువుతూ కంప్యూటర్ కోర్సు ఒకటి ముగించిన నాకు ఈ స్టూడియోలో ఉద్యోగం దొరికింది. యజమానిని అందరూ మాస్టర్ భాయ్ అనేవారు (ఏ బళ్లో ఏ పాఠం చెప్పాడో ఎవరూ చెప్పలేకపోయారు). ఆయన దగ్గరికి వచ్చే ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. పెళ్లిలో ఆడవాళ్ల వైపు జరిగేదంతా ఆడదే వీడియో తీయాలి, ఆడదే ఎడిట్ చేయాలి. మాస్టర్ భాయ్ భార్య, మేము ఆపా అని పిలిచే ఆవిడ, కెమెరా పట్టేది. ఎడిటింగ్ నాది. స్టూడియో గది మధ్యలో మందపాటి ఆకుపచ్చ పర్దా వేలాడేది. ఇవతల నేను, నా కంప్యూటర్. అవతల మాస్టర్ భాయ్, ఆయన కంప్యూటర్. ఆయనకు నెట్ ఉండేది, నాకు లేదు. లేకపోవడమే మా వ్యాపారం. "మా ఆడోళ్ల వీడియోకు నెట్ గాలి గూడ సోకది" అని ఆయన ప్రతి ఇంటికీ మాట ఇచ్చేవాడు. నేను చేరి నాలుగు నెలలైనా, ఆయన నా స్క్రీన్‌ను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ కంప్యూటర్‌లో నన్ను రోజూ గుచ్చే ముల్లు ఒకటుండేది. ఎప్పుడు ఆన్ చేసినా తారీఖు నాలుగేళ్ల కిందటి జనవరి ఒకటి చూపించేది. లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయిందని కోర్సు చేసిన నాకు తెలియదా? ఒకసారి మాస్టర్ భాయ్‌తో అంటే, పర్దా అవతలి నుంచి, "నడుస్తున్న బండిని గెలక్కు బేటీ" అన్నాడు. పెద్దాయన, పాపం, తెలియదు అనుకున్నాను. ఒక శనివారం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు డబ్బా విప్పి, కొత్త బిళ్ల వేసి, తారీఖూ టైమూ సెకన్లతో సహా సరిచేసి, తుడిచిన చేతిరుమాలు మడిచి పెట్టుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆ తర్వాత ఎన్కోడింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఇదేమిటంటారా? కెమెరాలో తీసిన వీడియో ఇంట్లో టీవీకి పెట్టే డీవీడీలో ఆడాలంటే దాన్ని ఆ మిషన్‌కు అరిగే రూపంలోకి మార్చాలి, బియ్యం అన్నమైనట్టు. అదే ఎన్కోడింగ్. అది అయితేనే డిస్కు, డిస్కు అయితేనే గిరాకీ. ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పటిలా తెరుచుకోలేదు. ఎర్రటి అక్షరాలతో ఒక పలక వచ్చింది.

"మాస్టర్ భాయ్, గిది ఏందో అడుగుతున్నది."

"చదువు."

"ముప్పై రోజుల ఉచిత వాడకం నాలుగేండ్ల కిందనే అయిపోయిందట. నెట్ పెట్టి యాక్టివేట్ చేయాల్నట."

పర్దా అవతల ఆయన కుర్చీ కిర్రుమంది, మళ్లీ ఆగింది. ఆయన వచ్చి చూడలేడు, ఎందుకంటే ఆ ఎర్ర పలక వెనకాల ఒక పెళ్లికూతురి మేనత్త డోలక్ ముందు చేతులెత్తి ఆగిపోయి ఉంది. నెమ్మదిగా, "ఉచితమా? నేను కొన్న అనుకుంటున్న గదా" అన్నాడు. వెంటనే, "నువ్వేమన్న గెలికినవా?" అని అడిగాడు.

చెప్పేశాను. చెబుతుంటేనే నాకూ విషయం తలకెక్కింది. ఆ కంప్యూటర్ రోజూ పొద్దున జనవరి ఒకటిన నిద్రలేచేది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌కు నాలుగేళ్లుగా మొదటి రోజే నడుస్తున్నది. చచ్చిన బ్యాటరీ ఒక్కటే ఆ స్టూడియోను బతికించింది. నేను దానికి ప్రాణం పోసి దుకాణం ప్రాణం తీశాను. తారీఖు వెనక్కి తిప్పి చూశాను. అప్పటికే అసలు రోజు చూసేసిన సాఫ్ట్‌వేర్ ఇక నన్ను నమ్మలేదు. మాస్టర్ భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. "శుక్రవారం అయిదో జుమాగీ. ఏదన్న ఒకటి దేవులాడు బేటీ" అన్నాడంతే. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

జుమాగీ అంటే పెళ్లయ్యాక వరుసగా అయిదు శుక్రవారాలు కొత్త జంటను అమ్మాయి పుట్టింటికి పిలిచి పెట్టే విందు. నేను ఎడిట్ చేస్తున్న పెళ్లికూతురి పుట్టిల్లు బార్కస్‌లో. అక్కడ అయిదోది ఈ శుక్రవారం. అది అయ్యాక అమ్మాయి అత్తవారి ఊరికి వెళ్లిపోతుంది. ఆ రోజు ఇంటి ఆడవాళ్లందరూ కూర్చుని పెళ్లి వీడియో చూడాలన్నది ఏర్పాటు.

నెట్ అడగని సాఫ్ట్‌వేర్ కోసం మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. కోఠి దాకా ఒక్క దుకాణం వదల్లేదు. అందరిదీ ఒకటే మాట: "రెండు నిమిషాలు నెట్ పెట్టు అక్కా, అయిపోతది." నెట్ లేకుండా అంటే, నేను మంచినీళ్లు లేకుండా షర్బత్ అడిగినట్టు చూసేవారు. ఒకాయన మాత్రం ఫోన్ చేస్తే చాలని ఒక సీడీ ఇచ్చాడు. ఫోన్ చేశాను. ఒక యంత్రం గొంతు నా స్క్రీన్ మీద ఉన్న అంకెలన్నీ చెప్పమంది. యాభై దాకా ఉన్న ఆ అంకెలన్నీ నొక్కాను. (మధ్యలో ఒకటి తప్పి మళ్లీ మొదటి నుంచి నొక్కాను.) అంతా విని అది ఎంతో మర్యాదగా, మిగతా వివరాలకు మా వెబ్‌సైట్ చూడండి అని చెప్పి పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం పెళ్లికూతురి దాదీ వచ్చింది. చేతికర్ర, నల్ల బురఖా, వెలగపండంత చిన్న ముఖం. నా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, ముందు కంప్యూటర్ వెనకకు వంగి చూసింది.

"గీ తార్ ఏంది?"

"కరెంటుది, దాదీ."

"గిది?"

"కీబోర్డుది."

"గీ సన్నది?"

"మౌస్‌ది, దాదీ."

నమ్మకం కుదరక ఆ సన్న తీగను వేలితో పట్టుకుని మౌస్ దాకా వచ్చి, మౌస్‌ను తిరగేసి, కింద వెలుగుతున్న ఎర్ర దీపాన్ని చూసి, "ఇందులకెల్లి ఎవరన్న సూస్తున్నరా?" అని అడిగింది. లేదని ఒట్టు వేశాను. అప్పుడు కాని ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. పెళ్లి రోజుకు ఆవిడ గుండె నొప్పితో దవాఖానాలో ఉందట. తాను పెంచిన మనవరాలిని పెళ్లిబట్టల్లో చూడనే లేదట. "అందరు సూసిన్రు. నేనొక్కదాన్నే సూడలే. జుమ్మా నాడు సూస్త కదా బేటీ?" అంది. చూస్తావు దాదీ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

ఆవిడ వెళ్లగానే బ్యాగులోంచి నా ఫోన్ తీశాను. దాంట్లో నెట్ ఉంది. కంప్యూటర్‌కు కలిపితే రెండు నిమిషాలు. పర్దా అవతలున్న మాస్టర్ భాయ్‌కు తెలియదు, దాదీకి అసలే తెలియదు. వైరు గుచ్చబోతూ స్క్రీన్ వైపు చూశాను. మేనత్త అట్లాగే చేతులెత్తి ఆగి ఉంది. ఆవిడ ఒక బడికి పెద్ద టీచరమ్మ. బయట ఎవరూ ఆవిడ పళ్లు చూసి ఎరుగరు. ఇక్కడ మాత్రం జుట్టు విరబోసుకుని పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూడ్డానికి నన్ను రానిచ్చారు. నాకు సిగ్గనిపించింది. ఫోన్ బ్యాగులో వేసి జిప్పు లాగి, ఆ బ్యాగును తీసుకెళ్లి పర్దా అవతల మాస్టర్ భాయ్ బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే బాపు సంగతి అడిగాడు. ఆయనకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసినంతలో బాపు ఫోన్‌లో పాట పెట్టడానికి కూడా నన్నే పిలిచేవాడు. అయినా చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ విని, "ఎన్కోడింగే కదా" అన్నాడు.

నేను ఏడుపు ఆపాను.

"ఏటేట మన గుడి కల్యాణం వీడియో డిస్కులు ఎవరు చేస్తున్నరనుకుంటున్నవ్? నేనే. ఆఫీసుల నెట్ ఏడుంది బిడ్డా? ఎన్కట కమిటీల ఒక పిలగాడు ఇచ్చిండు సీడీ. ఊరికెనే వాడుకొమ్మని చేసిందట, దానికి యాక్టివేషన్ గిట్ల ఏం లేదు."

నోరు తెరుచుకుని ఆయన వంకే చూశాను. మూడు రోజులు నేను ఊరంతా వెతికింది మా ఇంట్లో, నా ఎదురుగా, పెరుగన్నం తింటోంది. "నాకెప్పుడు చెప్పలేదేంది బాపు?" అంటే, "నువ్వెప్పుడన్న అడిగినవా?" అన్నాడు.

కుంకుమ మరకలున్న ఆ సీడీ గురువారం నా కంప్యూటర్‌లోకి వెళ్లింది. ఏమీ అడగలేదు. పేరు అడగలేదు, తారీఖు అడగలేదు, నెట్ అడగలేదు. శుక్రవారం పొద్దుటికి డిస్కు తయారైంది. నా కంప్యూటర్‌లో పెట్టి వీడియో ఆడుతున్నదా లేదా అని నేరుగా మధ్యలో ఒకచోట చూసి, ఆపాతో కలిసి ఆటోలో బార్కస్ పరిగెత్తాను.

హాల్లో నలభై మంది ఆడవాళ్లు. ముందు కుర్చీలో దాదీ, ఆవిడ కాళ్ల దగ్గర పెళ్లికూతురు. ఆపా డిస్కు పెట్టింది. టీవీ వెలిగింది. చుట్టూ మామిడాకుల తోరణం, రెండు వైపులా అరటి చెట్లు, మధ్యలో బంగారు అక్షరాలతో 'కల్యాణ మహోత్సవం', వెనకాల చెవులు పగిలేలా సన్నాయి, డోలు. బాపు ఏటా మళ్లీ చేసుకునే పని లేకుండా ఆ మొదటి బొమ్మను సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టి, ఆ సీడీలో భద్రపరచుకున్నాడు. ప్రతి డిస్కుకూ అదే వచ్చి కూర్చుంటుందని నాకెట్లా తెలుస్తుంది? నా కంప్యూటర్‌కు స్పీకర్లు కూడా లేవాయె. నలభై ముఖాలు నా వైపు తిరిగాయి. నా కాళ్ల కింద నేల లేదు. రిమోట్ ఎక్కడుందో కనబడలేదు. ఆపా తల పట్టుకుంది.

దాదీ కళ్లు చికిలించి, "ఏం రాసిండ్రు బేటీ?" అంది.

"పెండ్లి అని రాసింది దాదీ. మా గుడిల పెండ్లిది. తప్పయింది, తీసేస్త."

"పెండ్లి అనే కదా రాసింది. బాజాలు గూడ మంచిగున్నయ్. ఉండనీ, నడవనీ" అని, ఒక్క క్షణం ఆగి, "నెట్ అయితే లేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. ఆవిడకు అంతే కావాలి. బాజాలు అయిపోయాయి, పెళ్లికూతురు టీవీలో తలెత్తింది. దాదీ టీవీని చూడడం మానేసి కాళ్ల దగ్గర కూర్చున్న మనవరాలి ముఖం చూసింది, మళ్లీ టీవీ చూసింది. రెండూ ఒకటేనా అని సరిచూసుకుంటున్నట్టు చాలాసేపు అట్లాగే చూసింది. ఏడ్చింది ఆవిడ కాదు, నేను.

ఇప్పుడు ఆ పర్దా అవతలి భాగం కూడా నాదే. మాస్టర్ భాయ్ విశ్రాంతిగా ఇంట్లో ఉంటున్నాడు. పోయిన నెల ఆ పెళ్లికూతురు, ఇద్దరు పిల్లల తల్లి, ఆ గీతలు పడిన డిస్కు పట్టుకుని వచ్చింది. పెన్‌డ్రైవ్‌లోకి మార్చాలట. దాదీ పోయి రెండేళ్లయిందని చెప్పింది. మొదట్లో ఆ గుడి బొమ్మ తీసేసి ఇస్తాను, ఇన్నేళ్ల తప్పు దిద్దినట్టుంటుంది అన్నాను. ఆమె వెంటనే చేయి అడ్డం పెట్టింది.

"వద్దక్కా. దాదీ ఎప్పుడు పెట్టమన్నా బాజాల కాడికెల్లి పెట్టమనేది. బాజాలు లేకుంటే నా పెండ్లి అనిపించదు."

సరేనన్నాను. ఆమె వెళ్లాక నెట్ సోకని నా కంప్యూటర్ ఆన్ చేశాను. తెర మీద సన్నాయి మొదలైంది (ఇప్పుడు స్పీకర్లున్నాయి). నలభై మంది ముందు నేల లేకుండా నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ల పిల్ల గుర్తొచ్చింది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం కాదులే, ఇది కూడా మంచి తప్పే అని చెప్పాలనిపించింది. చెప్పినా వినే రకం కాదది.