రంగు చీటీలు

ఆ నర్సు ఇంట్లో చీటీ అంటించని సామాను లేదు. జర్మన్‌లో బల్ల మగవాడట, నీలం చీటీ. తలుపు ఆడది, ఎరుపు. మంచం రెండూ కాదు, ఆకుపచ్చ. మన విభక్తులు మాట వెనక చేరతాయి. అక్కడ మాటకు ముందుండే చిన్న ముక్కే వేషం మార్చుకుంటుంది. ఆ ముక్కలే ఆమెకు కొరుకుడుపడవు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా బల్ల మీద చెయ్యి వేసి, "దేర్ టిష్, దేన్ టిష్, దేమ్ టిష్" అని గొణుగుతుంది. తప్పితే నాలుక కరుచుకుని మళ్లీ మొదలు. "ఏమిటే ఆ జపం?" అంటుంది మంచంలోంచి అత్తగారు. "బల్లని పిలవడం నేర్చుకుంటున్నా అత్తయ్యా." "అది పలికేదాకా నాకు టీ లేదన్నమాట!" భర్త పోయాక నర్సుకు మిగిలింది ఈ మతిమరుపు మనిషే. జర్మన్ పరీక్ష గట్టెక్కితే తనకు జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం, అత్తగారికి కూతురి ఇల్లు. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

మొన్నొక మధ్యాహ్నం కుర్చీకి చీటీ అంటిస్తుంటే ముసలామె అడిగింది: "ఇల్లు మారుతున్నామా అమ్మాయ్?" నర్సు చెయ్యి ఆగింది. "అదేం లేదత్తయ్యా." "నా దగ్గరా దాపరికం? తీసుకెళ్లే వాటికేగా ఈ చీటీలు! నాకూ ఒకటి అంటించు. హడావుడిలో మర్చిపోతావు." చాచిన ఆ ముడతల చేతిని చాలాసేపు చూసి, అందిన చీటీ ఏదో, రంగైనా చూడకుండా, మణికట్టు మీద అంటించింది నర్సు. ఊడిపోకుండా దాన్ని రెండో అరచేత్తో కప్పుకుని, ముసలామె నిశ్చింతగా నిద్రపోయింది. బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డ నర్సుకు ఆ పూట మొదటి ముక్కే నోటికి రాలేదు.